డాక్టరు గారి పేగుబంధం

పేగుబంధం అన్న పేరు ఆయనే పెట్టారు. నేను పెట్టిన పేరు ‘జంటపొర’. మా ఆసుపత్రిలో పసిపిల్లల విభాగానికి పెద్ద, డాక్టర్ చిదంబరరావు గారు, ఆ పేరు వినగానే మొహం చిట్లించారు.

“జంటపొర ఏంటమ్మా సత్యవేణీ, ఉల్లిపాయ గురించి చెప్పినట్టు! జనం గుండెకి తగలాలి,” అన్నారు.

తగిలింది లెండి. జనం గుండెకి తగిలింది, మా చెల్లెలి కిడ్నీలకీ తగిలింది.

అసలు సంగతి చెబుతాను. నెలలు నిండకుండా పుట్టి ఇంక్యుబేటర్లో పడుకునే పసిగుడ్లకి ఉన్నట్టుండి కిడ్నీలు పని మానేస్తాయి. కొందరికి ఊపిరి అందక, కొందరికి రక్తంలో ఇన్ఫెక్షన్ చేరి, ఇంకొందరికి ఆ ఇన్ఫెక్షన్‌ని చంపడానికి మేమిచ్చే మందు వల్లే. పోనీ రక్తపరీక్షలో వెంటనే తెలుస్తుందా అంటే అదీ లేదు. పుట్టిన కొత్తల్లో ఆ పరీక్షలో కనిపించే లెక్క బిడ్డది కాదు, కడుపులో ఉండగా తల్లి నుంచి వచ్చింది. నిజం బయటపడేసరికి బిడ్డ ఉబ్బిపోయి ఉంటుంది. పెద్దవాళ్ళ డయాలసిస్ మెషిను పెడదామంటే ఆ బిడ్డ ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపి చిన్న టీ గ్లాసుడు. గొట్టాలు తడవడానికే చాలదు.

అందుకని నేనొక పొర తయారు చేశాను. దానికి ఇటు బిడ్డ రక్తం పారుతుంది, అటు పెద్ద మనిషి రక్తం పారుతుంది. రెండూ కలవవు. బిడ్డ రక్తంలో చెడు మాత్రం పొర దాటి అటు పోతుంది, దాన్ని పెద్ద మనిషి కిడ్నీలు బయటికి తోసేస్తాయి. కడుపులో ఉన్నప్పుడు తల్లి చేసిన పనే ఇది. కానీ పొరకి తల్లెవరో తెలియదు. ఏ గ్రూపు రక్తమైనా సరే, ఆడైనా మగైనా సరే. ఒక్కటే ముల్లు. పొర పూడుకుపోకుండా పెద్ద మనిషి వైపు ఒక మందు ఎక్కిస్తూ ఉండాలి, ఆ మందు వాళ్ళ కిడ్నీలని నలుపుతుంది. ఆరోగ్యమైన మనిషి ఒక రోజు పడుకుని లేస్తే మళ్ళీ సర్దుకుంటాడు. అందుకే నేను వంతులు పెట్టాను. ఇవాళ తల్లి, రేపు తండ్రి, ఎల్లుండి బాబాయి, ఆ తర్వాత పక్కింటివాడైనా పరవాలేదు.

ఆ వంతులని ఆయన కొట్టేశారు. తల్లి ఒక్కతే అన్నారు. పేగుబంధం అని పేరు పెట్టి పక్కన మీసాల బాబాయిని పడుకోబెడితే ఫొటో ఏం బాగుంటుంది?

మా చెల్లెలు కుసుమకి తొలికాన్పు గుర్రపువాతంతో వచ్చింది. బీపీ ఆకాశానికంటి, మొహం, కాళ్ళు ఉబ్బి, నెలలు నిండకుండానే కోసి బిడ్డని తీశారు. అరచేతిలో పట్టేంత ఆడపిల్ల. రెండు రోజులు బాగానే ఉంది, ఆ తర్వాత ఇన్ఫెక్షన్ వచ్చింది. మందు ఇచ్చారు, ప్రాణం నిలిచింది, కిడ్నీలు పడుకున్నాయి. వార్డులో ఏస్తేరు సిస్టర్ పిల్ల కింద గుడ్డ తీసి తూకం వేసి, “పొడిగానే ఉందమ్మా” అని చెప్పినప్పుడల్లా ఉచ్చ జాడ ఏమైనా ఉందేమోనని ఆ గుడ్డని మళ్ళీ తడిమి చూసేదాన్ని. నేను చేసిన మెషినే నా చెల్లెలి పిల్లకి పెట్టాల్సి వచ్చింది.

పెట్టారు. కుసుమ చేతికే పెట్టారు. దాని కిడ్నీలు అప్పటికే గుర్రపువాతంతో దెబ్బతిని ఉన్నాయని తెలిసి కూడా పెట్టారు.

“సార్, దాని కాళ్ళు చూడండి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. దాన్ని విప్పేసి నాకు పెట్టండి,” అన్నాను.

“తల్లి ఉండగా పెద్దమ్మ దేనికమ్మా?” అని నవ్వారు చిదంబరరావు గారు. “రాష్ట్రమంతా చూస్తున్న కేసు ఇది. తల్లీబిడ్డల బంధాన్ని మధ్యలో తెంపితే జనం ఏమనుకుంటారు?”

“జనం గొడవ మనకెందుకండీ? దాని కిడ్నీల లెక్క, ఆ క్రియాటినిన్ చూశారా?”

“చూశాను. ఓర్చుకోగలదు. తల్లి కదా.”

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ అసలు దెబ్బ వెనక నుంచి పడింది. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగి, “ఊరుకోవే! పేగు తెంచుకుని పుట్టిన బిడ్డకి తల్లి పేగు కావాలి గానీ నీది పనికొస్తుందా? అంత పెద్ద డాక్టరు గారు చెబుతుంటేనూ!” అంది.

“ఆ మెషిను చేసిందే నేనే అమ్మా!”

“చేస్తే చేశావులే. కన్నావా?”

మా మరిది వీర్రాజు, కుసుమ మొగుడు, గుమ్మం అవతలే నిలబడ్డాడు. పురిటి స్నానం కాకుండా మగాడు బాలింత దగ్గరికి వెళ్ళకూడదని వాళ్ళమ్మ ఆపేసింది. నా కోపమంతా వాళ్ళ మీద చూపించి, ఆఖరికి కుసుమ మంచం దగ్గర కూర్చున్నాను. అది ఉబ్బిన కళ్ళు కష్టం మీద తెరిచి, “నేనే ఉంటానక్కా. నా పిల్లకి నేను కాక ఇంకెవరు?” అంది. ఆ పేరు మా ఇంట్లోకి, దాని ఒంట్లోకి కూడా దూరిపోయింది. ఆయన పెట్టిన ఒక్క మాట నేను చదివిన చదువంతటినీ తుడిచిపెట్టేసింది. ఒళ్ళంతా నీరు పట్టింది, భయంగా ఉందండీ అని తర్వాత అదే ఆయనతో చెప్పుకుంటే, తల్లివి, ఓర్చుకోవాలమ్మా అని నవ్వి వెళ్ళిపోయారు.

ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ పేగుబంధం పెట్టిస్తామని ప్రకటించే సభ మా ఆసుపత్రి హాల్లోనే జరిగింది. కాకినాడలో ఉన్న కెమెరాలన్నీ అక్కడే ఉన్నాయి. కింద శాలువాలు కప్పుకుంటున్న సమయంలో పైన వార్డులో కుసుమకి ఫిట్స్ వచ్చాయి. పళ్ళు గిట్టకరుచుకుని, కళ్ళు తేలేసి, మంచం అదిరిపోయేలా కొట్టుకుంది. ఏస్తేరు సిస్టర్ గొట్టాలు బిగించి విడదీసింది. కుసుమని ఐసీయూకి పరుగున తోసుకుపోయారు. ఇంక్యుబేటర్లో పిల్ల ఒంటరిగా మిగిలింది. తెర మీద దాని గుండె గీత అప్పటికే వంకర్లు పోతోంది, పొటాషియం పెరుగుతోంది. వెంటనే ఒక పెద్ద చెయ్యి కావాలి.

నేను చొక్కా చెయ్యి పైకి మడిచాను. సిస్టర్ సూది కవరు చింపింది.

సరిగ్గా అప్పుడే వరండాలో లౌడ్‌స్పీకర్లోంచి ఆయన గొంతు వినిపించింది. “ఇందులో తల్లికి దోమ కుట్టినంత బాధ కూడా ఉండదు. తల్లి ప్రేమ ముందు ఆ మాత్రం ఎంత చెప్పండి!” చప్పట్లు.

మడిచిన చెయ్యి కిందికి దించేశాను.

“ఎక్కడికమ్మా?” అంది సిస్టర్.

“రెండు నిమిషాలు చూడండి. నేను రాకపోతే పిలవండి, పరిగెత్తుకొస్తాను. ఇంకో చెయ్యి తెస్తాను.”

నేను మెట్లు దిగలేదు, దూకాను. వేదికెక్కి, శాలువా కప్పుకున్న ఆయన చేతిలోంచి మైకు లాక్కున్నంత పని చేశాను.

“నమస్కారమండీ. ఈ మెషిను తయారుచేసిన సత్యవేణిని నేనే. పైనున్న తల్లికి ఇప్పుడే ఫిట్స్ వచ్చాయి, విప్పేశాం. పాప ప్రాణం మీదికొచ్చింది. ఇంకో చెయ్యి కావాలి.”

హాలంతా కలకలం రేగింది. “తల్లి లేకపోతే ఎలాగమ్మా?” అని ముందు వరసలో ఎవరో అరిచారు.

“తల్లే కానక్కర్లేదండి. ఎవరి చెయ్యైనా పనికొస్తుంది. దోమ కుట్టినంత కూడా ఉండదని సార్ ఇప్పుడే సెలవిచ్చారు కదా. సార్ చెయ్యిస్తే చాలు, పాప బతుకుతుంది.”

కెమెరాలన్నీ ఒక్కసారి ఆయన వైపు తిరిగాయి. వేదిక మీదున్న మంత్రి గారు చప్పట్లు మొదలుపెట్టారు. ఆ చప్పట్లు హాలంతా అందుకుంది. చిదంబరరావు గారి నవ్వు మొహం మీద అలాగే బిగుసుకుపోయింది. నా చెవి దగ్గరికి వంగి, “ఏంటిది సత్యవేణీ? నువ్వు పడుకోవచ్చుగా!” అని పళ్ళ సందుల్లోంచి అన్నారు.

“మీరు వద్దన్నారు కదండీ,” అన్నాను.

అలా ఆయన చేతికి నేనే సూది గుచ్చాను. నరం మొదటిసారే దొరికింది. అయినా ఇంకోసారి గుచ్చాను, నిజం చెప్పడానికి సిగ్గేం లేదు. రక్తం పారింది, పొర తన పని తాను చేసింది. చూస్తుండగానే పిల్ల గుండె గీత తిన్నగా అయింది. అద్దం అవతల మా అమ్మ అదంతా చూసింది. మగాడి చెయ్యి. కన్న తల్లిది కాదు, ఆ ఇంటి వాడిది కాదు, కులం కాదు, గోత్రం కాదు. పిల్ల బతికింది. అమ్మ బెంచీ మీద కూలబడి, “నా నోరు పడిపోను! నా నోరు పడిపోను!” అని అరచేత్తో నోటి మీద కొట్టుకుంది. నేను ఆపలేదు. నాకు అప్పుడు ఎవరి మీదా జాలి లేదు.

కుసుమ బతికి బయటపడింది గానీ కిడ్నీలు మిగల్లేదు. రెండూ పోయాయి. ఇంక జన్మంతా డయాలసిస్. రోజుకి గ్లాసుడు నీళ్ళు, అంతే. అమ్మ పథ్యం కూర వండుకుని వచ్చి, ఉప్పు లేకుండా, కారం లేకుండా ముద్దలు కలిపి పెట్టేది. కుసుమ రెండు ముద్దలు తిని మొహం తిప్పేసుకునేది. అమ్మ ముక్కు చీదుకుంటూ గిన్నె కడిగేది. పాలు వచ్చి, తాగే పిల్ల దగ్గర లేక, గడ్డలు కట్టి, చివరికి ఎండిపోయాయి. ఎండిపోయిన రోజున అది గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు నేను దాని పక్కన కూర్చుని, “డాక్టరు గారు ఇంకా పిల్లకి కట్టేసే ఉన్నారు. ఇవాళ ఆయన కాళ్ళు వాచాయే,” అన్నాను.

ఇటు తిరిగింది. “ఎంత?”

“చెప్పులు పట్టడం లేదు.”

“ఇంకా?”

“నోట్లో ఇనుము నాకినట్టుంటోందట. అన్నం సయించడం లేదట.”

“ఊఁ,” అంది. ఆ పూట నాలుగు ముద్దలు ఎక్కువ తింది. ఆ తర్వాత నేను ఏ రోజూ ఖాళీ చేతులతో వెళ్ళలేదు. ఆయన వాంతి చేసుకున్న సంగతి, మొహం ఉబ్బిన సంగతి, రాత్రిళ్ళు నిద్ర పట్టక సిస్టర్‌ని పిలిచే సంగతి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేదాన్ని. పగ తీరుతుంటే ఒంటికి ఎంత హాయిగా ఉంటుందో అప్పుడే తెలిసింది నాకు. ఆయన కిడ్నీల లెక్క మాత్రం రోజూ చూసుకునేదాన్ని. నలుగుతున్నాయి గానీ చెడలేదు. ఆయన మొదటి నుంచీ గట్టి మనిషి, ఉదయం పూట బీచ్ రోడ్డులో పరిగెత్తేవాడు. ఎంతకాలం తట్టుకుంటాడో లెక్క వేసి, ఆ లెక్క లోపలే ఉంచాను. చంపాలని లేదు నాకు. తెలియాలి, అంతే.

ఒకనాడు ఆయనే బతిమాలారు. “ఇవాళ ఇంకెవరినైనా పడుకోబెట్టవమ్మా. మీ మరిది ఉన్నాడు, నువ్వున్నావు. వంతులు నీ డిజైన్లోనే ఉన్నాయి కదా!”

“ఉండేవండి. మీరు కొట్టేశారు.”

“ఇప్పుడు నేనే చెబుతున్నాను కదా, మార్చు!”

“తెంపితే జనం ఏమనుకుంటారు సార్?”

ఆయన మాత్రం ఏం చేస్తారు? అప్పటికే ఛానళ్ళ వాళ్ళు ఆయన్ని దేవుణ్ణి చేసేశారు. ‘కనని తండ్రి’ అని రాశారు. బడిపిల్లలు పూలు తెచ్చి ఇచ్చారు. జిల్లాల పథకానికి ఆయన్నే పెద్దగా వేస్తారని చెప్పుకుంటున్నారు. “విప్పెయ్యమంటే ఇప్పుడే విప్పేస్తానండి,” అనేది ఏస్తేరు సిస్టర్ నిదానంగా, “బయట కెమెరా వాళ్ళకి మాత్రం మీరే చెప్పుకోండి.” ఆయన విప్పమనలేదు. పొద్దున్నే కళ్ళు తెరవగానే, “గుడ్డ తడిసిందా?” అని మాత్రం అడిగేవారు. పిల్ల మీద ప్రేమతో కాదని ఆ గదిలో అందరికీ తెలుసు.

ఆ గుడ్డ ఒక మధ్యాహ్నం తడిసింది.

అమ్మ పాత నేత చీర చింపి మెత్తటి ముక్కలు చేసి ఇచ్చింది. పిల్ల కింది ముక్క మారుస్తుంటే నా వేళ్ళకి వెచ్చగా తగిలింది. రూపాయి బిళ్ళంత తడి. వాసన చూశాను. ఉచ్చే! నా పిల్ల ఉచ్చ పోసింది! ఎగిరి గంతేద్దామనిపించింది. అంతలోనే పక్క మంచం మీద నిద్రపోతున్న ఆయన వాచిన మొహం కనిపించింది. పిల్ల కిడ్నీలు లేచాయంటే ఈయన కూడా లేస్తాడు.

ఆ గుడ్డని మడిచి జేబులో కుక్కేశాను.

“తడిసిందా అమ్మా?” అంది సిస్టర్ తలుపు దగ్గర నుంచి.

“లేదు సిస్టర్,” అన్నాను.

అది ఎంత పాపపు పనో మెషిను చేసినదాన్ని, నాకే బాగా తెలుసు. ఎవరో తన పని చేసిపెడుతుంటే పసి కిడ్నీ బద్ధకిస్తుంది. లేచిన వెంటనే దానికి పని అప్పగించాలి. ఆలస్యమైతే మళ్ళీ పడుకుంటుంది, ఒక్కోసారి ఇంక లేవదు. అయినా ఒక్క రోజే కదా అనుకున్నాను. ఒక్క రోజులో ఏం పోతుంది, ఆయన ఇంకొంచెం వాస్తాడు అనుకున్నాను.

డయాలసిస్ గదిలో కుసుమ చేతిలో ఆ గుడ్డ పెట్టాను. అది ముందు అర్థం కాక చూసింది. తర్వాత ముక్కుకి ఆనించుకుంది. చెంపకి రాసుకుంది. “ఉచ్చ పోసిందా? నా తల్లి ఉచ్చ పోసిందా?” అని నవ్వుతూ ఏడ్చేసింది. పక్క మంచాల వాళ్ళు కూడా తలలెత్తి నవ్వారు.

“పేగుబంధం గొట్టాలు తీసేశారా?” అంది.

నేను దాని దుప్పటి సర్దాను.

“అక్కా, తీసేశారా లేదా?”

“రేపు తీద్దాంలేవే. ఇంకొక్క రోజు పడుకోనీ ఆయన్ని. నీకు జరిగినదాంట్లో పావు వంతు కూడా—”

ఆ తడిగుడ్డతో నా మొహం మీద ఛెళ్ళున కొట్టింది. డయాలసిస్ గొట్టాలతో కట్టేసి ఉన్న మనిషికి అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో!

“సిగ్గులేదటే నీకు? నా పిల్ల కిడ్నీలు పెట్టి ఆడుకుంటావా? తనకి కావాల్సింది దొరికేదాకా విప్పకుండా ఉంచాడనే కదా ఆయన మీద మన ఏడుపంతా! నువ్వు చేస్తున్నదేంటి మరి?”

మొహం మీద తడి తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు.

“నాకు పగ లేదనుకుంటున్నావేమో,” అంది గొంతు తగ్గించి. “నీకంటే ఎక్కువే ఉంది. అది నా పిల్ల మీద పెట్టి తీర్చుకునేది కాదు. నువ్వు పోయి ఇప్పుడే విప్పు. విప్పేటప్పుడు కెమెరాలని పిలిపించు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తోసుకుపో.”

పరుగెత్తాను. సిస్టర్‌కి నిజం చెప్పేశాను. ఆవిడ నన్ను తిట్టలేదు గానీ, గొట్టాలు సర్దుతూ ఇంకో సంగతి చెప్పింది. ఆ పొద్దున తుని నుంచి ఇంకో బిడ్డ వచ్చిందట. దాని తల్లికీ గుర్రపువాతమే. మంచం మీద నుంచే చిదంబరరావు గారు ఆ తల్లికి పేగుబంధం పెట్టమని చెప్పేశారట.

“ఇన్నాళ్ళూ పడుకున్నాక కూడానా?” అన్నాను.

“పడుకున్నది ఆయన ఒళ్ళే కదమ్మా,” అంది ఏస్తేరు సిస్టర్.

నేను కుసుమ దగ్గరికి వెళ్ళి ఆ మాట కూడా చెప్పాను. అది తల ఊపింది, అంతే.

గదంతా జనం, దండలు, కెమెరాలు. పిల్లని గొట్టాల నుంచి విడదీశాం. తెర మీద గీత తొణకలేదు. ఎవరో శంఖం కూడా ఊదారు. చిదంబరరావు గారు మంచం మీద లేచి కూర్చున్నారు. వాచిన మొహంలోకి నిజంగానే వెలుగొచ్చింది. మైకు అందుకుని, “నేను చేసింది గొప్పేం కాదు. ఏ డాక్టరైనా ఇదే చేస్తాడు. ఈ శరీరం ఈ పసిబిడ్డలదే,” అన్నారు. చప్పట్లతో గది దద్దరిల్లింది.

కుసుమ చెయ్యెత్తింది. కుర్చీ ముందుకు తోశాను. మైకు దాని చేతికిచ్చారు.

అది రెండు చేతులూ జోడించింది. మా ఇంట్లో ఎవరికీ రాని నంగనాచితనం ఎక్కడ నేర్చిందో గానీ, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది.

“సార్ నా బిడ్డకి ప్రాణం పోశారండి. తల్లికి బాగోకపోతే ఎవరి చెయ్యైనా చాలని రాష్ట్రానికంతా చూపించారు. కింద తుని నుంచి వచ్చిన బిడ్డ ఉందంట. పాపం, దాని తల్లికి కూడా నాలాగే గుర్రపువాతమంట. సార్ ఉండగా ఆ తల్లికి సూది పడనిస్తారాండి? నాకు తెలుసు, పడనివ్వరు. ఆ బిడ్డకీ సారే పడుకుంటారు. ఆ తర్వాత వచ్చే బిడ్డలకి ఈ ఆసుపత్రి డాక్టర్లందరూ సార్‌ని చూసి వంతులేసుకుంటారు. అంతే కదండీ?”

చప్పట్లు మొదలయ్యాయి. ఇంతకు ముందు వాటికంటే గట్టిగా, ఆగకుండా. తుని నుంచి వచ్చిన పిల్ల తాతగారు జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆయన వాచిన పాదాల మీద పడిపోయాడు. ఆయన లెక్క నా దగ్గరుంది. ఇంకొక్క వంతు తట్టుకోగలడు, చాలా బాధతో తట్టుకోగలడు. నేను సిస్టర్‌కి అవునన్నట్టు తల ఊపాను. మెల్లగా దండలు తీసి పక్కన పెట్టించాను. ఆయన దిండు మీదికి మళ్ళీ వాలిపోయారు. ఇంకో ఇంక్యుబేటర్‌ని లోపలికి తోసుకొచ్చారు.

ఆయన కుసుమ చీర చెంగు పట్టుకుని దగ్గరికి లాగారు. మైకుకి అందకుండా, “అమ్మా కుసుమా, నా వల్ల కాదమ్మా. ఒళ్ళంతా నీరు పట్టింది. కళ్ళు తిరుగుతున్నాయి. చచ్చిపోతానేమోనని భయంగా ఉంది,” అన్నారు.

కుసుమ ఆ చెంగుతోనే ఆయన నుదుటి మీద చెమట తుడిచింది.

“నేను కూడా మీతో అదే చెప్పానండి,” అంది.